సెలవు కింద జమకట్టిన ఆస్ట్రేలియా

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేశాడు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకి చేరబడి అలాగే ఉండిపోయిందట. నేను ఊరు చేరేసరికి అరుగు మీద ఎవరో అంటున్నారు: "జాతకురాలండీ. కువైట్లో చేసింది, ఆస్ట్రేలియా కూడా చూసొచ్చింది. మనూళ్ళో ఇంకెవరు చూశారండి అన్ని దేశాలు?" శవం పక్కన కూర్చున్నదాన్ని, లేచి పోట్లాడలేను కదా. అందుకని ఆ ఆస్ట్రేలియా సంగతి ఇప్పుడు మీకు చెబుతున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. వదిన గురించి మంచే చెబుతాను. మిగతావాళ్ళ దగ్గరికొచ్చేసరికి నా నోరు తిన్నగా ఉండదు.

ఎనభైల్లో మేమిద్దరం కువైట్లో, మిష్రిఫ్ అనే పేటలో ఒకే విల్లాలో పనిచేశాం. ఇంటావిడను మామా అనీ, ఆయన్ని బాబా అనీ పిలిచేవాళ్ళం. మా పాస్‌పోర్టులు మామా బీరువాలో ఉండేవి. నేను వెళ్ళిన కొత్తలో ధూపం వేసే పాత్ర నా చేతిలోంచి జారి పగిలింది. మామా అరుస్తూ వచ్చేలోపే వదిన నన్ను వెనక్కి నెట్టి, "నేనే పగలగొట్టాను మామా" అని ముందు నిలబడింది. చెప్పుదెబ్బ ఆవిడ భుజం మీద పడింది. వంటింట్లో నేను ఏడుస్తుంటే నవ్వింది. "ఊరుకో పిల్లా. కొత్తదానివి. దెబ్బలు తినాలన్నా అలవాటుండాలి కదేటి" అంది. ఆ ఇంట్లో నేను బతికి బయటపడ్డానంటే ఆవిడ చలవే.

ఏడాది నిండని కొడుకుని మా అమ్మ చేతిలో పెట్టి విమానమెక్కిన మనిషి వదిన. వంటింటి అలమరకి సొరుగులుండేవి. గిన్నెలు సర్దుతూ సర్దుతూ ఆగి, "ఈపాటికి ఈ సొరుగుదాకా వచ్చుంటాడే" అని అరచేత్తో ఎత్తు చూసుకునేది. కొన్నాళ్ళకి చెయ్యి పై సొరుగు మీదికి వెళ్ళేది. రెండేళ్ళు చేస్తే రెండు నెలలు సెలవు, అదీ ఒప్పందం. ఆ ఏడు ఎండాకాలానికి ఆవిడ వంతు వచ్చింది. వాడు తనని పోల్చుకుంటాడా లేదా అన్నదొక్కటే ఆవిడ బెంగ.

సరిగ్గా అప్పుడే బాబాకి విహారం మీద మనసు పోయింది. ఆయనది గొర్రెల వ్యాపారం. ఆస్ట్రేలియా నుంచి ఓడల మీద గొర్రెలు దిగేవి. అక్కడి స్నేహితుడెవరో కారవాన్ ఇస్తానన్నాడట. అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. పల్లెల వెంట నింపాదిగా, నచ్చిన చోటల్లా ఆగుతూ తిరగాలని సరదా. మరి ఆగిన చోటల్లా వండేదెవరు? "ముందు మాతో రా. వచ్చాక ఇంటికి వెళ్దువుగాని" అంది మామా. వదిన సంబరంగానే ఒప్పుకుంది. మామా వాళ్ళ ముసలి అమ్మకి తోడుగా నన్ను ఇంట్లో వదిలారు.

జూలై నెల. మిష్రిఫ్‌లో కుళాయి తిప్పితే వేడినీళ్ళు. వదిన తనకున్న ఒక్క స్వెట్టరూ తీసి, "ఈ ఎండల్లో ఇదెందుకే" అని నా మంచం మీద పడేసి, పల్చటి నూలు గౌన్లు పట్టుకెళ్ళింది. మనకి ఎండాకాలమైతే అక్కడ చలికాలమని మాకెవరు చెప్పారు? మామాకి తెలుసు. పిల్లలందరికీ ఉన్నికోట్లు కొంది. అక్కడ వదిన వణుకుతుంటే, "పని చెయ్యి, వేడెక్కుతుంది" అందట. చివరికి బల్ల మీద పరిచే గుడ్డ కప్పుకుని పడుకుందట, అదీ కారవాన్‌లో కాదు, దానికి ఆనించి కట్టిన గుడారంలో.

తిరిగొచ్చాక దగ్గుతూనే అన్నీ చెప్పింది. కారులో చోటు లేదని ఆవిడని వెనక కారవాన్‌లో కూర్చోబెట్టారు. నడిచే బండిలో అలా మనిషి ఉండకూడదట, పోలీసులు చూస్తారని తెరలు దించారు. అన్నం డేగిసా ఒలికిపోకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చునేదట.

"మరి ఊళ్ళూ అవీ చూళ్ళేదా వదినా?"

"చూశానే. తెర సందులో, బండి ఎనకద్దంలోంచి. ఏదైనా దాటెల్లిపోయాకే చూశాను. అన్నీ మన జామాయిల్ చెట్లే. బండాగితే ఆళ్ళకి విశ్రాంతి, నాకు పొయ్యి. ఒకచోట మిట్ట నిండా గొర్రెలు. మీరూ మా కువైట్కేనేటర్రా అనడిగాను. పాపం, ఆటికి తిరుగు టిక్కెట్టు లేదు. నాకుంది కదా అనుకున్నాను."

శుక్రవారం ఫర్వానియాలో మనవాళ్ళ గదికి వెళ్తే, "ఆస్ట్రేలియా దొరసానిగారొచ్చారండోయ్, కుర్చీ ఎయ్యండి" అని ఒకటే గోల. వదిన కూడా నవ్వి, నిజంగానే దొరసానిలా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆవిడ వేళాకోళం ఆడటం నేను చూసింది ఆ రోజుదాకానే.

మర్నాడు పెట్టె సర్దుకుని, మామా దగ్గరికెళ్ళి పాస్‌పోర్టు అడిగింది. నేను పక్కనే ఉన్నాను. మామా నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఏం సెలవు? ఇన్నాళ్ళూ ఆస్ట్రేలియా తిరిగొచ్చావు కదా! అదే నీ సెలవు. ఖలాస్."

"అక్కడ కూడా వంటా, అంట్లూ నేనే కదా మామా."

"మీ ఊరెళ్తే మాత్రం వండవా? అంట్లు తోమవా?"

బాబా నవ్వాడు. మామా కూడా నవ్వింది. మళ్ళీ సెలవంటే మళ్ళీ రెండేళ్ళు చెయ్యాల్సిందే. వదిన ఏడవలేదు. పెట్టె విప్పి, మడతపెట్టిన బట్టల్నే మళ్ళీ ఉతికి ఆరేసింది. ఆ నవ్వు మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

ఆ రెండేళ్ళూ గడిచాక ఇద్దరం కలిసే వచ్చాం. కోనసీమలో బస్సు దిగి, రిక్షాలో ఇంటికి చేరాం. వాకిట్లో వాడు గోళీలాడుతున్నాడు. అన్నయ్య మా అమ్మని ఏమని పిలిస్తే వాడూ అదే నేర్చుకున్నాడు. పెట్టెల వంకా, మా వంకా చూసి, నిక్కరు దులుపుకుని లేచి నిలబడ్డాడు. మర్యాద బాగా నేర్పింది మా అమ్మ.

"ఎవరు కావాలండి?"

వదిన పెట్టె కింద పెట్టింది. నేను చెప్పబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మ ఉందా బాబూ?" అని అడిగింది.

"ఉందండి. పెరట్లో ఉంది. పిలవమంటారా?"

"పిలువు నాన్నా."

"అమ్మా, ఎవరో వచ్చారే!" అంటూ వాడు లోపలికి పరిగెత్తాడు. వదిన గుమ్మం దాటలేదు. చెప్పులు విడిచి, చెంగుతో మొహం తుడుచుకుని, ఎండకి కాలే మట్టి మీద నిలబడింది, ఎవరైనా వచ్చి లోపలికి రమ్మంటారేమోనని.