మెర్ల్ షాఫర్ చొక్కా కొస

నెడ్రా బ్రూబేకర్‌కి యాభై రెండేళ్లు. చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతుంది. పెన్సిల్వేనియా ఉత్తరపు కొండల్లో ఆ బండి రాకపోతే పాలవాడూ కదలడు, పాదిరీ కదలడు. మనిషి మాట కటువు, పని చురుకు. క్రిస్మస్ మర్నాడు మాత్రం బండి తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టి, తండ్రి వదిలివెళ్లిన చెకుముకి తుపాకీ భుజాన వేసుకుని వేట గుడిసెకు బయలుదేరుతుంది. పన్నెండో ఏట తండ్రి చెయ్యి పట్టుకుని మొదలుపెట్టిన ప్రయాణం అది. ఏడాదిలో ఆమెకున్న పండగంతా ఆ మూడు వారాల వేటే.

అయితే పన్నెండేళ్లుగా ఆమె వెళుతున్నది జింక కోసం కాదు. మెర్ల్ షాఫర్ చొక్కా కొస కోసం.

ఆ గుడిసెలో జింక మీద గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకు మేకు కొడతారు. అందరివీ ఉన్నాయి. నెడ్రావి నాలుగున్నాయి, ఆమెకేం బాధ లేదు. మెర్ల్‌ది ఒక్కటీ లేదు. తండ్రి హార్లన్‌ది ఒకటుంది, అది మాత్రం ఆమె గుండెలో దిగిన మేకు.

పన్నెండేళ్ల కిందట హార్లనూ మెర్లూ లోయకు చెరోవైపు నుంచి ఒకే మగ జింక మీద పేల్చారు. రెండు చప్పుళ్లు, జింక ఒంట్లో ఒకటే రంధ్రం. హార్లన్‌కి కాలు కుంటి. అతను చేరేసరికి మెర్ల్ కత్తితో గుండు బయటికి తీసేశాడు. "నాదే" అన్నాడు. హార్లన్ తుపాకీది చిన్న గుండు, మెర్ల్‌ది పెద్దది. చూపిస్తే ఇట్టే తేలిపోయేది. "చూపించరా" అంటే మంచులో పడిపోయిందన్నాడు. ఎప్పుడూ గురి తప్పని మెర్ల్ మాటే నెగ్గింది. హార్లన్ చొక్కా కొస గోడకెక్కింది. ముప్పై ఏళ్ల స్నేహితుడు దొంగతనం చేసినందుకు కాదు, తన మాట ఒక్కరూ నమ్మనందుకు ఆ మనిషి కుంగిపోయాడు. మళ్లీ గుడిసెకు రాలేదు, మూడో ఏడు పోయాడు.

నెడ్రా వస్తూనే ఉంది. లోపల కత్తులు నూరుకుంటూ, పైకి మెర్ల్‌ని చిన్నప్పటిలాగే బాబాయ్ అని పిలుస్తూ, ఎప్పుడు తప్పుతాడా అని కాచుకుని కూర్చుంది. ముసలాడు తప్పితేగా! డెబ్భై ఆరు దాటినా అదే కన్ను, అదే పొగరు.

ఈ ఏడు జనవరి ఒకటో తేదీ పొద్దున గుడిసెలోని మిగతా నలుగురు వేటగాళ్లూ జింకల్ని తోలడానికి కింద పొదల్లోకి దిగారు. కొండ అంచున ఆమె, మెర్ల్ మిగిలారు. మెర్ల్ చేతి తొడుగులు తీసి వేళ్లు చూసుకున్నాడు.

"అమ్మాయ్, వేళ్లు కొయ్యబారి చచ్చాయి. నా తుపాకీ కాస్త దట్టించి పెడతావా?"

"ఇటివ్వు బాబాయ్."

ఆలోచించలేదంటే అబద్ధం, బాగానే ఆలోచించింది. ఇంకొకరి తుపాకీలో మోసం చేసినవాళ్లు ఆ గుడిసె గడప మళ్లీ తొక్కకూడదు. అక్కడ ఆ ఒక్క నియమానికే తిరుగులేదు. మెర్ల్ కళ్లు లోయ మీదున్నాయి. ఆమె తుపాకీ మందు కొలిచి, గొట్టంలో పొయ్యకుండా మంచులో పోసి బూటుతో కప్పేసింది. నూనె రాసిన గుడ్డపీలికలో సీసపు గుండు చుట్టి కడ్డీతో లోపలికి దట్టించింది. చెకుముకి కింది గిన్నెలో మాత్రం చిటికెడు మందు వేసి మూసి, తుపాకీ చేతికిచ్చింది.

"నీ చెయ్యి అచ్చం మీ నాన్న చెయ్యే," అన్నాడు మెర్ల్. ఆ మాటతో ఆమెకు ఏ మూలో ఉన్న జంకు కూడా పోయింది.

అరగంటకు కొమ్ములకు ఎనిమిది కొనలున్న మగ జింక ముప్పై అడుగుల దూరంలోకి వచ్చి నిలబడింది. మెర్ల్ గురి చూసి మీట నొక్కాడు. చెకుముకి కొట్టుకుంది, గిన్నెలో మందు భగ్గుమంది, అంతే. జింక ఒక్క గెంతులో మాయమైంది.

మెర్ల్ కడ్డీ గొట్టంలోకి దించాడు. మందు ఉంటే కడ్డీ మీది గీత గొట్టం అంచు దగ్గర ఆగాలి. అది రెండు వేళ్ల మేర లోపలికి దిగిపోయింది. తలెత్తి నెడ్రాని చూశాడు. అరుస్తాడేమో, నాలుగు తగిలిస్తాడేమో అని ఆమె సిద్ధంగానే ఉంది. అతను చేతి తొడుగులు వేసుకుని గుడిసె దారి పట్టాడు.

మధ్యాహ్నం కొత్త సంవత్సరపు భోజనం. పంది మాంసం, పులిసిన క్యాబేజీ. అందరూ కూర్చున్నాక మెర్లే లేచాడు.

"కొస కత్తిరించండ్రా. మందు పొయ్యకుండానే గుండు దట్టించాను. ముసలాణ్ణైపోయాను."

నవ్వులతో గుడిసె దద్దరిల్లింది. "ఏంటి మెర్ల్, ఉత్త మెరుపేనా? ఉరుము లేదా?" అన్నాడు తోటి వేటగాడు రస్. గుడిసె పెద్ద డోయల్ కత్తెర నెడ్రా చేతిలో పెట్టాడు, గురి తప్పినప్పుడు పక్కనున్నవాళ్లే కత్తిరించాలి కాబట్టి. పన్నెండేళ్లు కలగన్న కత్తెర. ఆమె కత్తిరించింది. వాళ్లంతా మెర్ల్ వీపు తట్టి, పాపం పెద్దవాడు అంటూ పెద్ద ముక్క వడ్డించారు.

నెడ్రాకి ఒళ్లు మండిపోయింది. జాలిపడి కాదు వాడు నేరం నెత్తిన వేసుకున్నది! ఆమె చేసిందంటే, ఎందుకు చేసిందో కూడా బయటికొస్తుంది. దొంగ అనిపించుకోవడం కంటే మతిమరుపువాడు అనిపించుకోవడం వాడికి చౌక. నోరు మూసుకుంటే ఆమెకు గుడిసె మిగులుతుంది, వాడికి పరువు మిగులుతుంది.

"వాడు మర్చిపోలేదు," అంది నెడ్రా. "తుపాకీ దట్టించింది నేను. మందు కావాలనే పొయ్యలేదు."

నవ్వులు ఆగిపోయాయి. "ఏం మాట్లాడుతున్నావే?" అన్నాడు డోయల్.

"మా నాన్న చంపిన జింక వీడు కాజేశాడు. గుండు దాచేసి మా నాన్న చొక్కా కోయించాడు. మీరంతా నమ్మారు. ఇంకో పదేళ్లు ఆగినా వీడు తప్పేలా లేడు, అందుకని నేనే తప్పించాను."

డోయల్ మెర్ల్ వైపు తిరిగాడు. "ఏరా, ఆ గుండు నిజంగా పోయిందా?"

మెర్ల్ క్యాబేజీని ఫోర్కుతో అటూ ఇటూ జరిపాడు. "ఎప్పటిదో సంగతి. హార్లన్ కూడా పోయాడు. ఇప్పుడెందుకురా అదంతా?"

ఆ జింక నాదేరా అని అనలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ అది వినపడింది. రస్ తన కుర్చీని మెర్ల్ పక్కనుంచి జరుపుకున్నాడు.

డోయల్ ఆమె వైపు తిరిగాడు. "నియమం నియమమే నెడ్రా. ఇంక నువ్వు రాకూడదు."

"తెలుసు."

"ఇప్పుడే వెళ్లమనడం లేదు. తినేసి వెళ్లు."

ఆమె తిన్నది. పళ్లెం ఖాళీ చేసి, ఇంకో గరిటె మాంసం వడ్డించుకుని, మెర్ల్‌కి సరిగ్గా ఎదురుగా కూర్చుని తీరిగ్గా తిన్నది. అతను ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాడు.