మామగారి వేలు

ఆఫీసులో అతన్ని అందరూ సేనాపతి అంటారు. చీమకు కూడా హాని చేయని మనిషికి ఆ పేరెందుకంటే, కంప్యూటర్‌లో ఆడే పెద్ద పెద్ద యుద్ధవ్యూహాల ఆటలను టాబ్లెట్‌లోకి మార్చడం అతని ఉద్యోగం. తాజా ఆటలో అరవై నాలుగు బొత్తాలున్నాయి. ఒక్కటి తీసేసినా మహాపాపమన్నట్టు అన్నిటినీ ఆ చిన్న తెరమీదే ఇరికించాడు. ఏడాదిపాటు తన బల్ల దగ్గర కంప్యూటర్‌లోనే, మౌస్‌తోనే ఆడి చూసి, ప్రతి యుద్ధమూ గెలిచాడు. మౌస్ బాణం కొన చీమ తలకాయంత ఉంటుంది. మనిషి వేలు అలా ఉండదని అతనికి తోచలేదు.

విడుదలకు పది రోజుల ముందు టాబ్లెట్ తెచ్చి మామగారి చేతిలో పెట్టాడు. ఆయన రిటైరైన లారీ మెకానిక్. ఆయన లావుపాటి వేలు రెండు బొత్తాల మీద ఒకేసారి ఆనగానే పొరుగు రాజుతో సంధి కుదిరింది, అదే క్షణంలో ఆ రాజు కోట మీదే దాడీ మొదలైంది. రాజకీయాల్లో ఇది వింతేం కాదు గానీ, ఆటలో తప్పే.

"నా సైన్యం ఏది అల్లుడూ?"

"మీ వేలి కిందుంది మామయ్యా. కాస్త కొనతో నొక్కండి."

"నా వేలికి ఉన్న కొన ఇదేనయ్యా."

అల్లుడికి పౌరుషం వచ్చింది. వారం తిరిగేసరికి బొత్తాలన్నీ మామగారి వేలికి సరిపడా పెంచుకొచ్చాడు. ఈసారి ఆయన ఒక్క తప్పూ చేయలేదు. పది నిమిషాలు ఆడి, కళ్ళజోడు తీశారు.

"బొత్తాలు దివ్యంగా ఉన్నాయి. ఇంతకీ యుద్ధం ఎక్కడ జరుగుతోంది?"

"వాటి వెనకాల మామయ్యా," అన్నాడు సేనాపతి. "మనమే గెలుస్తున్నాం."