సీతారాం అడిగిన రెండో కటింగు

సీతారాం మొదటి గెలుపు పన్నెండు బస్తాల జీడిపిక్కల మీద గెలిచాడు. అప్పటికతనికి ఇరవై రెండేళ్లు. వజ్రపుకొత్తూరు దాపున తండ్రి తోటలో కాసిన పిక్కల్ని పలాస తెచ్చాడు. షావుకారి మనిషి బస్తాలోంచి దోసెడు పిక్కలు తీసి, ఒక్కొక్కటీ రెండుగా కోసి, పుచ్చు ఎంత, తాలు ఎంత, పప్పు ఎంత అని చూశాడు. దాన్నే కటింగంటారు. పలాసలో సరుకు ధర తేలేది దాంతోనే. షావుకారు పెదవి విరిచి సగం ధర చెప్పాడు. అక్కడ పెద్ద పెద్ద రైతులే తల వంచుకుని ఒప్పేసుకునేవారు. సీతారాం మాత్రం వెళ్లి తన బస్తా మీద కూర్చున్నాడు.

"మళ్లీ కొయ్యండి బాబూ. ఈపాలి నాను తీసిన దోసిట్లోంచి కొయ్యండి."

నవ్వారు, కసిరారు, లేవమన్నారు. పొద్దు వాలినా అతను లేవలేదు. ఆఖరికి విసుగెత్తి రెండో కటింగు చేశారు. పిక్క పిక్కకీ నిండైన పప్పు, మచ్చన్నది లేకుండా. పూర్తి ధర కట్టించుకుని గానీ సీతారాం బండి ఎక్కలేదు.

ఊరి బడిలో ఏడో తరగతి దాకానే ఉండేది. అంతే చదివాడు. ఆ చదువుతోనే కాశీబుగ్గలో సొంత జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టాడు. తిత్లీ తుపానుకి రేకులన్నీ ఎగిరిపోతే, ఆ వీధి మొత్తం మీద మొదట బాయిలరు వెలిగించినవాడు సీతారామే. వర్తకుల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడు. టెక్కలి కాలేజీ వార్షికోత్సవంలో పట్టభద్రుల నడుమ కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఇంత ఎలా సాధించావని ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు: "మొదటి మాటకి ఒప్పుకోకూడదు, అంతే."

అతని కొడుకు నాగేంద్రబాబు తండ్రి ఎదుట నోరెత్తడు. కోడలు వసంత అవసరమైతే ఎత్తుతుంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు సుప్రజ. పదేళ్లది, అయిదో తరగతి. ఆరేళ్లప్పుడే గ్రేడింగు బల్ల దగ్గర నిలబడి, ఆడవాళ్లు వేరుచేసిన పప్పులో ఏ గింజ తప్పు కుప్పలో పడిందో వేలు పెట్టి చూపించిన పిల్ల. విశాఖపట్నం దగ్గర, తెలివైన పిల్లల్ని ఏరి చదివించే హాస్టలు బడి ఒకటుంది. అక్కడ ఆరో తరగతిలో చేరాలంటే తెలివితేటల పరీక్షలో నూట పాతిక రావాలి. జనవరిలో సీతారాం దగ్గరుండి ఆ పరీక్ష పెట్టించాడు.

పరీక్ష చేసిన మాధవీలత ఫలితాన్ని నిదానంగా విప్పి చెప్పింది. "మొత్తం నూట పందొమ్మిది వచ్చిందండీ. కానీ ఈ మొత్తాన్ని పట్టుకోకండి. దిమ్మలు పేర్చడం, బొమ్మల్లో వరస కనిపెట్టడం, వీటిలో నూట నలభై ఒకటి. మాటల్లో చెప్పాల్సిన భాగంలో తొంభై ఎనిమిది. పాప నన్ను చూసి బెదిరింది. తన యాసకి నేను నవ్వుతానేమో అనుకుంది. తెలిసినవి కూడా చెప్పలేదు. ఇంత తేడా ఉన్నప్పుడు రెండూ కలిపిన అంకెకి విలువ లేదు."

"అయితే మళ్లీ పెట్టండమ్మా."

"ఏడాది ఆగాలండీ. ఇప్పుడే పెడితే గుర్తున్నవి చెప్పేస్తుంది. అది తెలివిని కొలిచినట్టు కాదు. ఇంట్లో తర్ఫీదు కూడా ఇవ్వొద్దు. నేను బడివాళ్లకి రాస్తాను. పిల్లని పిలిచి మాట్లాడి చూడమంటాను. వాళ్లు వింటారు."

ఇన్ని మాటల్లో సీతారాం చెవిన పడింది నూట నలభై ఒకటే. వారం తిరక్కుండా కాశీబుగ్గ కూడలిలో ఫ్లెక్సీ లేచింది. సుప్రజ ఫొటో, పక్కనే తాత ఫొటో, మధ్యన మనిషంత అంకె.

లారీ బుకింగు చేసే జక్కయ్య అతనికి పాత స్నేహితుడు. జక్కయ్య కూతురు ఇవాంజెలిన్ సుప్రజకి పంతులమ్మ. అసలు ఫలితం కాగితం సుప్రజ చదివే బడికి వచ్చిన మర్నాడు టీ కొట్టు దగ్గర జక్కయ్య గ్లాసు చేత్తో పట్టుకునే అడిగాడు.

"ఏటి బావా, రైతుల బస్తాలయితే అడుగునుంచి తీసి కోత్తావు. నీ సరుకు మాత్రం పైదే సూపిత్తావేటి?"

టీ కొట్టంతా గొల్లుమంది. జక్కయ్యా నవ్వాడు, సరదాకే అన్నాడు. సీతారాం టీ తాగకుండా లేచి వచ్చేశాడు. ఆ రాత్రే ఫ్లెక్సీ దింపించాడు.

మార్చి మొదట్లో హాస్టలు బడి నుంచి ఫోను వచ్చింది. మొత్తం అంకెతో పని లేదట, పిల్లని ఒకసారి తీసుకొస్తే మాట్లాడి చూస్తారట. వసంత ముఖం విప్పారింది. పిల్లకి కొత్త గౌను కూడా తీసింది. సీతారాం ఫోను అందుకుని రావడం లేదని చెప్పేశాడు.

"అదేటి మావయ్యా! ఆళ్లే పిలుత్తంటే?"

"బతిమాలుకుని అమ్మడానికి ఇదేటి పుచ్చు సరుకా? జాలి సీటు నా మనవరాలికొద్దు. రెండో కటింగు సేయిత్తాను. అంకె తెచ్చి ఆళ్ల బల్ల మీద పడేత్తాను."

"ఆవిడ ఏడాది ఆగమంది గదా."

"షావుకారూ అలాగే అన్నాడు, పొమ్మని. నాను పోనానేటి?"

నాగేంద్రబాబు కంచంలోకి చూస్తూ అన్నం తింటున్నాడు.

వడ్రంగి చేత తొమ్మిది చెక్క దిమ్మలు చేయించి ఎరుపూ తెలుపూ రంగులు వేయించాడు. సాయంత్రం ఆడకూలీలు వెళ్లిపోయాక అదే గ్రేడింగు బల్ల మీద తాతా మనవరాలూ ఎదురెదురుగా కూర్చునేవారు. సుప్రజ గుర్తున్న బొమ్మలన్నీ గీసిచ్చింది. అతను వాచీ చూస్తుంటే అది పేర్చేది. "ఓర్నీ గుంటా! సెయ్యా, మిషనా!" అని అతను తొడ చరిచేవాడు. అది పడీ పడీ నవ్వేది. ఫ్యాక్టరీ, లారీలు, సంఘం తప్ప వేరే ధ్యాస లేని తాత తన కోసం ఇంతసేపు కూర్చోవడం ఆ పిల్ల ఎన్నడెరుగును? ఆ నెలంతా దానికి పండగే.

నెలాఖరున మరో చోటికి, వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"పాపకి ఇంతకుముందు ఈ పరీక్ష చేయించారా?"

"నేదు బాబూ. ఇదే మొదలు."

సుప్రజ తాత ముఖంలోకి చూసింది. గది తలుపు ఓరగా తీసే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న సీతారాంకి లోపల బల్ల కనిపిస్తూనే ఉంది. డాక్టరు బొమ్మ చూపించి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే దిమ్మలు పేర్చేసింది. రెండోది అంతే. మూడోదానికి డాక్టరు కాగితం చూపించకుండా ఆగాడు.

"వీటిని ఎక్కడైనా చూశావా అమ్మా?"

పిల్ల తలుపువైపు తిరిగింది. సీతారాం తల అడ్డంగా ఊపాడు. చిన్నగా, ఒక్కసారే. అది తల దించుకుంది.

"భయం లేదు, చెప్పు."

"తాత సెప్పమంటే సెప్తాను" అంది, ఏడుస్తూ.

డాక్టరు దిమ్మలు పెట్టెలో సర్దేశాడు. కేకలేమీ వెయ్యలేదు. పిల్లకి మంచినీళ్లిచ్చి, ఈ పరీక్షకి అంకె వెయ్యలేనని, రెండేళ్లపాటు దీన్ని పెట్టినా ప్రయోజనం లేదని చెప్పి పంపేశాడు. పలాస దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చుని సుప్రజ బయటికే చూసింది. పల్లీలు కొనిస్తే అటు తిరిగే తిన్నది.

ఇంటికొచ్చి సీతారాం తనే హాస్టలు బడికి ఫోను చేశాడు. అధ్యక్షుడిగా కలెక్టరాఫీసులో మాట్లాడినవాడు ఆ రోజు "అయ్యా, ఒక్కపాలి పిల్లని సూడండయ్యా" అన్నాడు. సీట్లు నిండిపోయాయన్నారు. పిలిచినప్పుడు మీరే వద్దన్నారు కదండీ అన్నారు.

వసంత గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"బస్తా అయితే ఇంకో దోసెడు తీసుకుని కోసుకోవచ్చు మావయ్యా. నాకున్నది ఒక్క గుంట."

ఆమె లోపలికెళ్లి కొత్త గౌను మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం గ్రేడింగు బల్ల దగ్గర పప్పు గింజ చేతిలోకి తీసుకుని, "ఇది ఏ కుప్పలో ఎయ్యాలే సుప్పీ?" అన్నాడు సీతారాం. ఆరేళ్లప్పుడు అడక్కుండానే చూపించిన పిల్ల. ఇప్పుడు గింజని చూడలేదు. అతని ముఖం చూస్తూ నిలబడింది. అతను నవ్వబోతే అదీ నవ్వబోయింది. ముఖం ముడిస్తే చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది. తల్లి అడిగినా అంతే, ఇవాంజెలిన్ పంతులమ్మ అడిగినా అంతే. ముందు ఎదుటివాళ్ల ముఖం, ఆ తర్వాతే జవాబు. దిమ్మల్ని సీతారాం బాయిలరు పొయ్యిలో పడేశాడు. రంగు కాలిన కంపు ఫ్యాక్టరీలో చాలాసేపు ఉండిపోయింది.

ఏప్రిల్లో పిక్కలు రాలే కాలం. ఏటా నందిగాం వైపు తోటలకి కొనుగోలుకు వెళ్తాడు, ఆదివారం ఆదివారం ఇంటికొస్తాడు. ఈ ఏడు పరుపూ, వంటగిన్నెలూ కూడా ఆటోలో పెట్టించాడు. భార్య గౌరీశ్వరి ఆటో పట్టుకుని నిలబడింది.

"కాపరానికెల్లినట్టు ఇయ్యన్నీ ఏటి? ఆదోరాలు రావేటి?"

"రాను. గుంట నా మొకం సూడకుండా కొన్నాళ్లుండనీ."

"మరెప్పుడొత్తావు?"

సుప్రజ గుమ్మం లోపల, తల్లి వెనక ఉంది. సీతారాం అటు చూడలేదు. పాత బళ్లోనే దాన్ని ఆరో తరగతిలో దిగబెట్టాలి కదా, బడి తెరిచేనాటికి వస్తానన్నాడు. జూన్ పన్నెండున.