మధ్యాహ్నం మొరాయింపు

“ఏవమ్మా విజేతా, మీ లైనక్సు భోంచేసి పడుకుందా?”

చీఫ్ అకౌంటెంట్ నాగేంద్రప్రసాద్ గారి గొంతు ఆఫీసంతా వినపడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. విజేత తల తిప్పలేదు. తిప్పితే నోటివెంట ఏం వస్తుందో తనకే తెలియదు.

ఒమాన్‌లోని రైసూత్ పోర్టు నుంచి జిప్సం ఎగుమతి చేసే కంపెనీ అది. అక్కడి కంప్యూటర్ల బాధ్యతంతా విజేతదే. సామర్లకోటలో పుట్టి, కాకినాడలో ఎంసీఏ చదివి, పెళ్లయ్యాక భర్త చైతన్యకృష్ణ వెంట ఇక్కడికి వచ్చింది. ఈ ఉద్యోగం మాత్రం ఎవరి సిఫారసూ లేకుండా తనే వెతుక్కుంది. వచ్చేనాటికి ఆఫీసు కంప్యూటర్లన్నీ ముసలివై మూలుగుతున్నాయి. కొత్తవి కొనమంటే కొనలేదు. ఒక్కొక్కదాన్నే, పాతవాటి మీదా తేలిగ్గా నడిచే లైనక్స్ సాఫ్ట్‌వేర్‌కు మార్చి, మరికొన్నేళ్లు పనిచేసేలా చేసింది. అప్పుడు ఒక్కరూ బాగుందనలేదు. తిట్టడానికి మాత్రం ఇప్పుడు అందరికీ ఆమె పేరే గుర్తొస్తోంది.

కొన్ని వారాలుగా మధ్యాహ్నమయ్యేసరికి ఏ సైటూ వెంటనే తెరుచుకోవడం లేదు. పోర్టు సైటులో కాగితాలు పంపాల్సిన వేళకు తెర తెల్లగా నిలబడిపోతుంది. చాలాసేపటికి పేజీ వస్తుంది. ఇంకోటి నొక్కితే మళ్లీ అదే తంతు. పొద్దున వెతికినా, సాయంత్రం వెతికినా తప్పు దొరకదు. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు తమ లైను బాగుందన్నారు. ఆమె కేబుళ్లు మార్చింది, రూటర్ మార్చింది. లాభం లేకపోయింది.

ఆ ఉదయం మేనేజర్ ఖమరుద్దీన్ తన గదికి పిలిచాడు. హైదరాబాద్ మనిషి, కోపమొచ్చినా నవ్వుతూనే మాట్లాడతాడు.

“చూడమ్మా, మస్కట్ కంపెనీవాళ్లతో మాట్లాడిన. రేపొచ్చి అన్నీ మార్చేస్తరు. తర్వాత మెయింటెనెన్స్ కూడా వాళ్లదే.”

“మరి నేను?”

“అదే... నీ వీసా రెన్యువల్ కాగితం ఉంది కదా, దాన్ని ఆపిన. ఏం చేస్తం? ముష్కిల్ అవుతుంది.”

“సార్, ఈ ఒక్కరోజు ఆగండి. తప్పు ఎక్కడుందో నేను చూపిస్తాను.”

“ఇన్ని రోజులు చూడనిది ఈ ఒక్కరోజుల చూస్తవా?” అని మళ్లీ నవ్వాడు.

మధ్యాహ్నమైనా ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. విజేత కీబోర్డు ముందుకు లాక్కుంది. సైటు పేరు కాకుండా దాని అంకెల చిరునామా కొట్టింది. జవాబు తక్షణం వచ్చింది. అంటే లైను బాగానే ఉంది. పేరు కొట్టింది. ఐదు సెకన్లు ఏమీ లేదు, తర్వాత జవాబు. అంటే ఆలస్యమంతా పేరును అంకెల్లోకి మార్చుకునేచోటే ఉంది.

పేరుకు అంకెలేవో ఎవరిని అడగాలో కంప్యూటర్ల సెట్టింగులో రెండు వరుసలున్నాయి. మొదటిది ఆఫీసులోనే ఉన్న ఒక పాత యంత్రం. ఆమెకు ముందు పనిచేసినవాళ్లు పెట్టింది. రెండోది ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లది. మొదటిది పలక్కపోతే కంప్యూటర్ ఐదు సెకన్లు ఎదురుచూసి, అప్పుడు గాని రెండోదాన్ని అడగదు. ఒక్కో పేజీ వెనక బోలెడు పేర్లుంటాయి, ప్రతి పేరుకూ అంతే.

పాత యంత్రాన్ని నేరుగా అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. పొద్దున ఇదే యంత్రం చక్కగా పలికింది. అప్పుడు ‘ఎంతసేపటి నుంచి నడుస్తున్నావు’ అని అడిగి ఉంటే నిన్న మధ్యాహ్నం నుంచేనని తెలిసిపోయేది. అంటే రోజూ ఈ వేళకు ఎవరో దాన్ని ఆపి, మళ్లీ వెలిగిస్తున్నారు.

యంత్రం ఉన్నది స్టోర్ రూమ్‌లో. విజేత లేచి విసురుగా అటు నడిచింది. తలుపు దగ్గర టీ ఇచ్చే పోచన్న ట్రే పట్టుకుని ఎదురయ్యాడు.

“అక్కా, ఇప్పుడు లోపటికి పోకు. పెద్దసారు తింటుండు. ఆయన తినంగ ఎవ్వలు పోవద్దట.”

ఆ సంగతి అందరికీ తెలుసు. నాగేంద్రప్రసాద్ గారు బయటి మెతుకు ముట్టరు. కొన్ని వారాల కింద, టీ కాచే ప్యాంట్రీలో సాకెట్ కాలిపోయాక ఆయన వంట స్టోర్ రూమ్‌లోకి మారింది. చెప్పుల కాళ్లతో ఎవరైనా అడుగు పెడితే అన్నం వదిలేసి లేస్తారని ఆఫీసంతా ఆ గంట అటువైపు వెళ్లదు. విజేత కూడా ఇన్నాళ్లూ మర్యాద పాటించింది. తప్పు పుట్టేవేళ తప్పు ఉన్నచోటికి వెళ్లకపోవడానికి ఆ మర్యాదే కారణం.

బూట్లతోనే తలుపు నెట్టింది.

గోడవార ఎలక్ట్రిక్ కుక్కర్ ఆవిరి కక్కుతోంది. దాని తీగ వెళ్లి గదిలో ఉన్న ఒకే ఒక్క సాకెట్‌లో దూరింది. పాత యంత్రం తీగ నేల మీద పడి ఉంది.

“ఇదేవిటమ్మా! బూట్లు!” నాగేంద్రప్రసాద్ గారు అరిటాకు ముందు నుంచి సగం లేచారు.

“ఈ ప్లగ్గు మీరే తీస్తున్నారా?”

“ఉన్నదొక్కటే కదా. ఎవరూ వాడని డొక్కు పెట్టె. తిన్నాక మళ్లీ పెట్టేస్తున్నానుగా.”

“ఆ డొక్కు పెట్టె పోర్టు సైటు ఎక్కడుందో అందరికీ చెప్తుందండీ. దాని నోరు మూసి, నా లైనక్సు పడుకుందా అని నన్ను అడుగుతారా?”

ఆయన తలుపు వంక చూశారు. గొంతు తగ్గించారు. “సర్లే, ఎవరికీ చెప్పకు. మనం గోదారోళ్లం. ఖమరుద్దీన్‌కి తెలిస్తే పరువు పోద్ది.”

“మీ పరువా? రేపు పోయేది నా ఉద్యోగమండీ!”

గొంతు పెరిగింది. పెరగనిచ్చింది. ఖమరుద్దీన్ తలుపులోకి వచ్చి నిలబడ్డాడు. విజేత తీగ ఎత్తి చూపించి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. అతను కుక్కర్ వంకా, ప్లగ్గు వంకా చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“యా అల్లా, అన్నం కోసమా! ఖల్లీ వల్లీ అమ్మా, పోనియ్యి, అయిపోయింది కదా. పో, పని చూస్కో.”

“అయిపోలేదు సార్. ప్యాంట్రీలో కొత్త సాకెట్ కోసం మూడుసార్లు అడిగాను, వేయించలేదు. రేపు వచ్చేవాళ్లకు ఇప్పుడే, నా ముందే ఫోన్ చేయండి.”

అతని నవ్వు ఆగింది. ఆమె కదల్లేదు. చివరికి ఫోన్ తీశాడు. “హా భాయ్, రేపు రావొద్దు. ప్రాబ్లం దొరికింది... మేమే పట్టినం.”

“విజేత పట్టింది అనండి.”

ఖమరుద్దీన్ ఆమెను తేరిపార చూశాడు. నాగేంద్రప్రసాద్ గారు అరిటాకు వైపు చూశారు.

“మా విజేత పట్టింది,” అన్నాడు ఫోన్లో. పెట్టేసి, “రెన్యువల్ కాగితం టేబుల్ మీదుంది. సంతకం చేస్త. ఇగ కోపం తగ్గించుకో,” అన్నాడు.

కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలనీ అనిపించలేదు. విజేత కుక్కర్ ప్లగ్గు పీకి పాత యంత్రానిది పెట్టింది. సీటుకు వెళ్లి, ఇకపై అది పలక్కపోతే కంప్యూటర్లు ఒక్క సెకను మాత్రమే ఆగేలా సెట్టింగు మార్చడం మొదలుపెట్టింది. ఎవరో వెనక నుంచి “ఇప్పుడు ఫాస్ట్‌గా వస్తోంది మేడమ్” అన్నారు. ఆమె తర్వాతి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, అక్కడ కూర్చున్న మనిషిని లేవమంది.