కళ్ల కింద గుంటలకు వేయించుకున్న సూది

2022 వేసవి. నందిగామలో నేను స్కిన్ క్లినిక్ పెట్టి అప్పటికి ఆరేళ్లు. జగ్గయ్యపేట నుంచి అనసూయ గారని ఒకావిడ వచ్చారు. నలభై ఆరేళ్లుంటాయి. భర్తతో కలిసి స్టీలు సామాన్ల కొట్టు నడుపుతారు. కళ్ల కింద గుంటలు పడ్డాయని, కొట్టుకొచ్చిన వాళ్లంతా ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారని చెప్పారు.

ఆ గుంటను మేము టియర్ ట్రఫ్ అంటాం. వయసుతో చెంప కండ జారితే అది లోతుగా కనిపిస్తుంది. క్రీములు నలుపును కాస్త తగ్గిస్తాయేమో గానీ గుంటను పూడ్చలేవు. ఫిల్లర్ అనే జెల్‌ను సూదితో ఎక్కించి పూడ్చవచ్చు, లేదంటే ఆపరేషన్ చేయించుకోవాలి. ఇదంతా విని ఆవిడ ఫిల్లర్ వేయమన్నారు. నేను చేయనన్నాను. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు. ఎందుకు చేయనో చెప్పకుండా, ఈ వయసులో ఇవి మామూలేనని నవ్వి పంపేశాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆడపడుచు చెయ్యి పట్టుకుని వచ్చారు. ముక్కు పక్క నుంచి నుదుటి దాకా చర్మం నీలంగా కమిలి ఉంది.

"ఎడం కన్ను కనబడట్లేదండీ. సూది లోపలుండగానే చీకటైపోయింది," అన్నారు.

ఏదో బ్యూటీ పార్లర్‌లో వేయించుకున్నారట. సర్దుకుంటుందని చెప్పి, ఐస్ పెట్టి రెండు గంటలు పడుకోబెట్టారని ఆడపడుచు చెప్పింది.

టార్చి వేస్తే కంటిపాప కదల్లేదు. జెల్ రక్తనాళంలోకి పోయి కంటికి రక్తం ఆగిపోయింది. జెల్‌ను కరిగించే హయలురానిడేజ్ మందు నా దగ్గర లేదు. ఉన్నా, రక్తం అందని రెటీనా గంట, గంటన్నర కన్నా బతకడం కష్టం. విజయవాడ కంటి ఆసుపత్రికి ఫోన్ చేసి, నేనూ వాళ్ల కారెక్కాను.

దారిలో ఆవిడ ఒక్కసారే అడిగారు. "చూపొస్తుందాండీ?"

"చూద్దామండీ," అన్నాను. రాదని నాకు తెలుసు.

రాలేదు.

రెండు నెలలకు, నుదుటి మీద మిగిలిన మచ్చ చూపించడానికి వచ్చారు. మందు రాసిచ్చాక కూడా లేవలేదు.

"మీ మీద కోపంతో అనట్లేదు. చెయ్యనన్నారు గానీ, ఎందుకో చెప్పలేదు మీరు. కన్ను పోద్దని తెలిస్తే ఆ పార్లర్ మెట్లెక్కేదాన్ని కాదండీ."

ఆ సూది నేను వేయలేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే. కానీ ఆ సూదికి ముందు ఆవిడ మాట్లాడిన వాళ్లలో ఆ ప్రమాదం గురించి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు ఎవరైనా ఫిల్లర్ అడిగితే, చూపు పోవచ్చన్న మాట ముందు చెప్తాను. అరుదే గానీ జరుగుతుందని, జరిగితే తిరిగి రాకపోవచ్చని చెప్తాను. విన్నవాళ్ల మొహం మారేదాకా, బయట ఎంతమంది ఉన్నా తర్వాతి పేషెంట్‌ను పిలవను.