మా అత్త చెవులు, మా ఆయన అప్పీలు

మా ఆయన పటాలంలో ఫిరంగుల దగ్గర పనిచేశారు. డెబ్బై ఒకటి యుద్ధం తర్వాత రెండు చెవులూ వినిపించక, ఇక పనికిరారని ఇంటికి పంపేశారు. ఎమ్మిగనూరు వచ్చాక వికలాంగ పెన్షనుకు అర్జీ పెట్టుకుంటే, కుదరదని జవాబు వచ్చింది. మనిషికి చెముడున్న మాట వాళ్లూ ఒప్పుకున్నారు. కానీ అది సైన్యంలో వచ్చింది కాదట. నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడు కాబట్టి మగ్గాల చప్పుడుకే వచ్చి ఉంటుందట. ఫిరంగి మాత్రం ఏ పాపమూ ఎరగదు.

కర్నూలులో మాజీ సైనికుల అర్జీలు చూసే ఒక ముసలి సుబేదారు అప్పీలు రాసిపెట్టారు. "చేరేటప్పుడు వాళ్ల డాక్టర్లే చూసి చెవులు బాగున్నాయని రాసుకున్నారు గదా? తర్వాత వచ్చిన జబ్బు కొలువులో వచ్చినట్టే లెక్క. రూలే అట్లుంది" అని ధైర్యం చెప్పి, "అయినా మగ్గం మాట తీసినారు, దానికీ ఏదన్నా సాక్ష్యముంటే మంచిదమ్మా" అన్నారు.

ఇంటికొచ్చి చెప్పగానే మా అత్త భగ్గుమంది. "కాపురానికొచ్చినప్పట్నుంచి మగ్గం కాడే ఉండాను. నాకెందుకు రాల్యా చెముడు? వంటింట్లో కోడలు గొణిగేది గూడా నాకు ఇనపడ్తాది!"

అందులో అబద్ధం లేదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నేనే ఆమెను బస్సులో ఆదోని చెవుల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. ఏం బాధమ్మా అని ఆయన అడిగితే, "ఏమీ లేదప్పా. బాగుండాయని రాసియ్యి" అంది. ఆయన నవ్వాపుకుంటూ గది చివరకు పోయి, గోడవైపు తిరిగి ఏదో గుసగుసలాడాడు. నాకు వినపడలేదు.

"టీ తాగినావా అంటాండావు. తాగల్యా, తెప్పియ్యి" అంది మా అత్త.

సర్టిఫికెట్టు రాసిచ్చాడు. టీ కూడా తెప్పించాడు.

అప్పీలు ఢిల్లీలో చాలాకాలం నానింది. మా ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఒక్క ప్రశ్నా అడగలేదు. అంతా కాగితాలు చూసి చేసే తీర్పే. చివరకు చెముడు కొలువులోనే వచ్చిందని ఒప్పుకుంటూ ఉత్తర్వు వచ్చింది. రూలు చూసి ఒప్పుకున్నారో, మా అత్త చెవులు చూసి ఒప్పుకున్నారో అందులో రాయలేదు. తన చెవులే గెలిచాయని ఆమె వీధంతా చెప్పుకుంది.

ఆ సంతోషంలో ఉండగానే ఇంకో షరతు తెలిసింది. కొన్నేళ్లకోసారి సికింద్రాబాదు పోయి సైన్యం డాక్టర్లకు చూపించుకోవాలట. ఎందుకని సైగ చేశాను.

"పోయిన చెవులు తిరిగొచ్చినాయేమోనని" అన్నారు మా ఆయన, పెట్టెలో బట్టలు సర్దుకుంటూ.

పిలిచినప్పుడల్లా పోయేవారు. డాక్టర్లు యంత్రం పెట్టి చూసి, ఇంకా రాలేదని రాసి పంపేవారు.