అందరికీ కనిపించే వ్యాసం

మాచర్లలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పే రోజుల్లో నాకొక పిచ్చి పట్టింది. ‘మా ఇంటి పని’ అని వ్యాసం రాయించి, బాగున్నవాటిని పేరు, ఊరు, ఫోటోతో సహా ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టించేదాన్ని. పెడితేనే మార్కులు. ఎవరు చదువుతున్నారో, ఎంతమంది చదువుతున్నారో అని ఒకటే కుతూహలం. స్టాఫ్‌రూమ్‌లో టీ చల్లారిపోతున్నా ఫోన్ వదిలేదాన్ని కాదు.

దుర్గి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ళ నాన్న విగ్రహాల పని గురించి రాసింది. కళ్ళు అన్నిటికన్నా చివర చెక్కుతారట. ఆ పని పెద్ద శిల్పి చేత్తోనే జరగాలట, గుళ్ళవాళ్ళు ఆ చెయ్యి చూసే రాయి అప్పగిస్తారట. పెద్ద శిల్పి అయిన నాన్నకు చూపు మందగించిందనీ, రెండేళ్ళుగా తలుపు దగ్గరికి వేసుకుని కళ్ళు తానే చెక్కుతున్నాననీ రాసింది. అబ్బ, ఎంత బాగా రాసిందో!

“ఇది గూడా పెట్టాలా మేడమ్?” అంది.

“ఇదే ముందు పెట్టాలి” అన్నాను.

ఒక సోమవారం చూద్దును కదా, చదివినవాళ్ళ లెక్క అమాంతం ఎగబాకింది. ఎవరబ్బా వీళ్ళంతా? ఏ హైదరాబాద్ పత్రికలవాళ్ళ కంటో పడిందనుకుని మురిసిపోయాను. నా మొహం! వాళ్ళ ఊరివాళ్ళే, ఒకరి ఫోన్‌లోంచి ఇంకొకరి ఫోన్‌లోకి పంపించుకున్నారు.

మర్నాడు తండ్రీకూతుళ్ళిద్దరూ కాలేజీకి వచ్చారు. ఆయన గోడ తడుముకుంటూ వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“పెద్ద శిల్పి చెయ్యి పడని విగ్రహం మాకొద్దన్నారు మేడమ్, గుడోళ్ళు. ఇంక మా గడప ఎవరు తొక్కుతారు?”

అక్కడికక్కడే వ్యాసం తీసేశాను. “తీసేశానండీ, ఇక ఎవరికీ కనపడదు” అన్నాను.

“ఊళ్ళో అందరి ఫోన్లలో ఉంది గదమ్మా” అన్నాడు. గొంతు పెంచలేదు. “మా పిల్ల మీకు చెప్పుకుంది. ఊరికి చెప్పమందా?”

సిగ్గుకన్నా ముందు నాకు కోపమే వచ్చింది. నేనేమన్నా బలవంతం చేశానా? ఆ అమ్మాయి వైపు తిరిగాను.

“ఇష్టం లేకపోతే అప్పుడే వద్దనాల్సింది కదమ్మా?”

ఆ పిల్ల తల ఎత్తలేదు.

“మీరు మేడమ్ గదా. మీకెట్టా వొద్దని చెప్పేది?”